పాతాళమున చిక్కిన గొట్టము

వ్రేలికి బిగిసిన ఉంగరమును తీయవలసివచ్చినప్పుడు మనలో ఎవ్వరును దానిని బలముకొలది లాగరు. లాగినకొలది వ్రేలు వాచును. వాచినకొలది ఉంగరము బిగియును. కొంచెము నూనె వ్రాసి, ఇటునటు త్రిప్పి, మెల్లగా జార్చుదుము. ఈ నేర్పును మనకు ఏ పాఠశాలయు బోధింపలేదు. పెద్దలు చేయుచుండగా చూచి నేర్చుకొంటిమి. భూమిలో రెండు మైళ్ల లోతున ఇనుపగొట్టము బిగిసిపోయినప్పుడు, గొప్ప యంత్రముల నడుమ నిలిచిన ఇంజనీర్లు చేయునదియు ఇంచుమించుగా నిట్టిదే యనిన మీకు వింతగా తోచవచ్చును. ఆ వింతనే నేడు మీకు విన్నవింపదలచితిమి.

చమురుబావుల ముచ్చట ఆడువారి కేల యని కొందఱు అడుగవచ్చును. మన పొయ్యిమీది నీలిమంటకు ఆధారమైన గ్యాసు చమురుబావులనుండియు, చమురును శుద్ధిచేయు కర్మాగారములనుండియు వచ్చునదే గదా! బియ్యము ఏ పొలమున పండినదో, పాలు ఏ పాడినుండి వచ్చినవో విచారించు గృహిణి, మంట యెక్కడినుండి వచ్చినదో తెలిసికొనుట తప్పుగాదు. అదియుగాక, మెట్టసీమలలో కాపురముండు మనకు ఈ సంగతి మిక్కిలి దగ్గఱిది కూడ.

మా సీమలోని బోరుబావులు

మా ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు నెల్లూరుజిల్లాకు పడమటి భాగమున నున్నవి. సోమశిలకడ పెన్నకు ఆనకట్ట యున్నను, కొండవాలు గ్రామములలో పెక్కింటికి బోరుబావియే దిక్కు. మాది కఱకు రాతినేల. ఇందు చమురు దొరకదు. చమురునకు నదులు యుగయుగములుగా తెచ్చి పేర్చిన ఒండ్రుపొరలు కావలెను. అట్టివి కృష్ణాగోదావరులు సముద్రముతో కలియుచోట నున్నవి. అయినను గొట్టము చిక్కుకొనుట యన నేమో మా స్త్రీలు బాగుగ నెఱుగుదురు. బోరుబండి ఊరిలోనికి వచ్చినప్పుడెల్ల ఆ భయమును వెన్నంటియే వచ్చును.

కొన్నేండ్ల క్రిందట మా వీధిలోని యొక వితంతువు, కూతురి పెండ్లికై దాచిన సొమ్ము వెచ్చించి పెరటిలో బోరు వేయించెను. మున్నూఱడుగుల లోతున రాయి పొడిపొడిగా నున్న పొర యొకటి తగిలినది. గొట్టములను పైకి తీయబోవ, అవి కదలలేదు. ఆ బండివారికి మఱునాడు వేఱొక ఊర పని యున్నది. తొందరలో యంత్రము శక్తినంతయు ప్రయోగించి లాగిరి. బండియే కొంత పైకి లేచినది గాని గొట్టము జానెడైనను రాలేదు. ఆమె అరుగుమీద కూర్చుండి, కొంగు నోట నదుముకొని చూచుచుండెను. బావి పోవుట యటుండగా, లోపల చిక్కిన సుత్తి వెల ఎవరు పెట్టుకొనవలెనను వాదము అప్పటికే బయలుదేఱినది.

పూర్వము బోరుబండ్లపై పనిచేసి వృద్ధుడైన యొకాయన కఱ్ఱ పొడుచుకొనుచు వచ్చి చూచి, "పైన రాళ్లు పడినాయి నాయనా! లాగేకొద్దీ బిగుసుకుంటాయి. కిందికి దించండి. గాలి వదులుతా తిప్పండి" అనెను. పైకి రావలసినదానిని క్రిందికి దింపుమనుట పడుచువారికి నవ్వు తెప్పించినది. అయినను వేఱు దారిలేక అట్లే చేసిరి. మొదట ఏమియు రాలేదు. పిమ్మట ఎఱ్ఱని పొడి, ఆపైన గులకరాళ్లు వెలువడినవి. రెండుగంటలకు గొట్టము వదులైనది. ఆ బావిలో అంగుళమునీరు పడి నేటికిని ఆ యింటికి ఆధారముగా నున్నది.

ఆ వృద్ధుడు చెప్పిన మాట ఊరి అనుభవమే యని మేము తలచితిమి. తరువాత చమురుబావులనుగుఱించి చదువగా, అచ్చటి నిపుణులకును అదియే మొదటి సూత్రమని తెలిసికొని ఆశ్చర్యపడితిమి. పైకి వచ్చునప్పుడు గొట్టము బిగిసినచో ముందుగా క్రిందికి కొట్టవలెను. క్రిందికి పోవునప్పుడు బిగిసినచో పైకి లాగవలెను. వచ్చిన దిక్కున కొంత చోటు ఉన్నదని మనకు తెలియును. పోదలచిన దిక్కున నేమి యున్నదో తెలియదు.

చమురుబావి త్రవ్వు విధము

చమురుబావికడ ఎత్తైన ఇనుపగోపుర ముండును. దానినుండి గొట్టముల వరుస వ్రేలాడును. ఒక్కొక్క గొట్టము సుమారు 9 మీటర్ల పొడవు. ఒకదానికొకటి మరలతో బిగింతురు. 3,000 మీటర్ల లోతునకు మున్నూఱుకు పైబడిన గొట్టములు కావలెను. ఐదంగుళముల గొట్టము మీటరునకు సుమారు 29 కిలోల తూగును. కావున వరుస యంతయు 87 టన్నులగును. ఇంత బరువైనను, పొడవుతో పోల్చిన అది మిక్కిలి సన్నని వస్తువు. అర మిల్లీమీటరు మందముగల కుట్టుదారమును 12 మీటర్లు వ్రేలాడదీసి, పైకొసను త్రిప్పుచు క్రిందికొసతో రాతిని తొలుచుటను తలచుకొనుడు. వారు చేయుపని అట్టిది.

కొసనున్న బిట్టు రాతిని నలుపుచుండగా, గొట్టము లోపలినుండి చిక్కని బురదను యంత్రములతో పంపుదురు. అది బిట్టు నోటినుండి వెలువడి, గొట్టమునకును బావిగోడకును నడుమనున్న సందుగుండ పైకి వచ్చును. రాతిపొడిని మోసికొనివచ్చుట, బిట్టును చల్లబఱచుట, తన బరువుచేత గోడలు కూలకుండను లోపలి గ్యాసు పైకి తన్నకుండను అదిమిపట్టుట - ఇవి ఆ బురద చేయు పనులు. 1901 జనవరిలో అమెరికాలోని టెక్సాసునందు స్పిండిల్‌టాప్ బావి త్రవ్విన హామిల్ సోదరులు, ఇసుకపొరలు కూలిపోవుచుండగా పసులను గుంటలోనికి తోలి త్రొక్కించి ఆ బురదనీటిని బావిలోనికి పంపిరని చెప్పుదురు. నేడు దానిని కొలతప్రకారము కలుపుదురు. బరువునకై ముగ్గురాయి పొడి చేర్తురు. ఆ ముగ్గురాయికి లోకప్రసిద్ధమైన గనులు మా వెలిగొండల కావల, పూర్వపు కడపజిల్లాలోని మంగంపేటలో నున్నవి. మా రాతినేలలో చమురు లేకున్నను, చమురుబావులను అదుపులో నుంచు రాయి మా పొరుగుననే పుట్టుచున్నది!

గొట్టమేల చిక్కుకొనును?

కారణములు మూడు తెఱగులని స్థూలముగా చెప్పవచ్చును. మొదటిది మా వీధిబావిలో జరిగినదే. రాతిపొడి సరిగా పైకి రాక పేరుకొనుటవలననో, గోడ విఱిగిపడుటవలననో సందు పూడుకొనును. కొన్ని మట్టిపొరలు బురదలోని నీటిని పీల్చి, నానిన సెనగలవలె ఉబ్బి గొట్టమును కౌగిలించుకొనును.

రెండవది మన చేదబావులయందే చూడదగినది. ఏండ్లతరబడి చేదత్రాడు ఒరసికొని బావిగట్టు రాతిపై గాడి యేర్పడుట మీ రెఱుగుదురు. చమురుబావి వంపు తిరిగినచోట, తిరుగుచున్న గొట్టము గోడపై నొరసి అట్టి గాడిని చేయును. గాడి గొట్టమంత సన్నము. బిట్టునకు పైనుండు గొట్టములు అంతకన్న లావు. తిరిగి పైకి లాగునప్పుడు ఆ లావుభాగము గాడిలో దూఱలేక చిక్కుకొనును.

మూడవది విచిత్రమైనది. నీళ్లతొట్టిలో తూము తెఱచి, లోపలినుండి దాని నోటికి అరచేయి అడ్డము పెట్టినచో చేయి అంటుకొనిపోవును. చేతిని పట్టుకొన్నది తూము కాదు. తొట్టిలోని నీటి ఒత్తిడి చేతిని అటు నెట్టుచున్నది. బావిలోను ఇట్లే జరుగును. బురద ఒత్తిడి రాతిలోని నీటి ఒత్తిడికన్న హెచ్చుగా నున్నచో, బురదలోని తేమ గుల్లరాతిలోనికి దిగి, గోడమీద మెత్తని పూతవంటి పొర నిలుచును. గొట్టము కదలక గోడ కానియున్నచో ఆ పొరలో దిగబడి అంటుకొనును. ఈ సంగతి 1957లో అమెరికా నిపుణులు ప్రకటించినపిమ్మట బాగుగ స్పష్టపడినది.

దీని బలమెంతయో లెక్కింతము. ఒత్తిళ్ల భేదము చదరపు సెంటీమీటరునకు 50 కిలో లనుకొందము. 10 మీటర్ల పొడవున, 8 సెంటీమీటర్ల వెడల్పున గొట్టము గోడ నంటినచో అంటినచోటు 8,000 చదరపు సెంటీమీటర్లు. దానిని గోడకు నొక్కు బలము 400 టన్నులు! ఒరపిడి అందులో అయిదవవంతే యనుకొన్నను, కదల్చుటకు 80 టన్నుల బలము కావలెను. అనగా వరుస బరువునకు దాదాపు సమానమైన అదనపు బలము. గడియలు గడచినకొలది పొర మందమగును, అంటినచోటు వెడల్పగును. గొట్టమును ఊరక నిలిపియుంచరాదనుట అందుకే.

విడిపించు ఉపాయములు

రోగ మెఱుగక మందిచ్చుట ప్రమాదము గదా! కావున త్రవ్వు నాయకుడు మొదట మూడు ప్రశ్నలు వేయును. చిక్కుకొన్నప్పుడు గొట్టము కదలుచుండెనా, నిలిచియుండెనా? కదలుచున్నచో పైకా, క్రిందికా? బురద ఇంకను పైకి వచ్చుచున్నదా, నిలిచిపోయినదా? బురద నిలిచిపోయినచో సందు పూడినదని యర్థము. బురద చక్కగా తిరుగుచు, నిలిపియుంచిన గొట్టము కదలకున్నచో అది గోడ నంటినదని యూహింపవచ్చును. ఈ మూడు ప్రశ్నలకు సరియైన జవాబు చెప్పవలెనన్న, ఆ క్షణమున గోపురముక్రింద నున్న పనివాడు ఏమఱక చూచి, చూచినది దాచక చెప్పవలెను.

ఎంత లోతున చిక్కినదో తెలిసికొనుటకు మన పంతుళ్లు నేర్పు త్రైరాశికమే చాలును. ఇనుము లాగిన కొంత సాగును. ముందు చెప్పిన 3,000 మీటర్ల వరుసను దాని బరువుకన్న 20 టన్నులు హెచ్చుగా లాగినచో సుమారు 84 సెంటీమీటర్లు సాగును. అదే లాగుడుకు 56 సెంటీమీటర్లే సాగినచో? సాగినది స్వేచ్ఛగానున్న భాగమే. కావున చిక్కు 2,000 మీటర్ల చెంతనున్నది. కంటికి కానరాని చోటును ఒక కొలబద్దతో కనుగొనుటకన్న చక్కని లెక్క మఱి యేమి కలదు?

ఆపైన చికిత్స. వరుసలో బిట్టునకు కొంత పైన జార్ అను సాధన ముండును. అది గొట్టములోనే అమర్చిన సుత్తి. పైనుండి లాగి గొట్టమును సాగదీయగా, వింటినారి విడిచినట్లు ఒక్కసారిగా అది వదలి, లోపలి దిమ్మెపై దెబ్బ కొట్టును. కావలసినచో క్రిందికిని కొట్టును. ఊరక లాగుటకన్న ఈ దెబ్బ పలురెట్లు పనిచేయును. గమనింపదగిన దేమనగా, ఈ సుత్తిని చిక్కుపడినతరువాత పంపరు. పని మొదలిడునప్పుడే వరుసలో చేర్చి దింపుదురు. ఆపద రాకమునుపే ఉపాయము దానితోకూడ పోవుచున్నది.

గోడ నంటిన గొట్టమునకు నూనెవైద్యము గలదు. డీజిలునో, అందుకై చేసిన వేఱు తైలమునో లెక్కప్రకారము పంపి, అంటినచోట నిలుచునట్లు చేసి, కొన్నిగంటలు నానబెట్టుదురు. నూనె ఆ పొరను చీల్చి లోనికి దిగును. ఈ లోపల నడుమనడుమ గొట్టమును కొంచెము మెలిత్రిప్పి క్రిందికి దింపిచూతురు. మఱియొక ఉపాయము బురద బరువు తగ్గించుట. ఒత్తిడి తగ్గినచో అంటిన గొట్టము తానే వదలును. ఇది సులభముగ తోచును గాని, అపాయమంతయు ఇక్కడనే యున్నది.

బరువు తగ్గిన నేమగును?

బురద బరువే గ్యాసును అదిమిపట్టు మూత యని చెప్పితిమి. గొట్టమును విడిపింప నెంచి మూతను తేలిక చేసినచో, క్రిందనున్న గ్యాసు పైకి తన్నుకొనివచ్చును. అట్లు అదుపు తప్పిన గ్యాసు ఎట్టి బీభత్సము చేయునో మన తెలుగునేల ఒకసారి చూచినది. 1995వ సంవత్సరము జనవరి 8వ తేదీన, నాటి తూర్పుగోదావరిజిల్లాలో, నేటి కోనసీమయందలి పాశర్లపూడికడ, ఓ.ఎన్.జి.సి. సంస్థవారు త్రవ్వుచున్న బావి సుమారు 2,700 మీటర్ల లోతున నుండగా గ్యాసు ఎగదన్ని అంటుకొన్నది. కొబ్బరితోటల నడుమ లేచిన ఆ మంట 65 దినములు మండినది. చుట్టుపట్ల వారు పొయ్యిలో నిప్పు విడిచి, పిల్లలను ఎత్తుకొని ఇండ్లు వదలి పోవలసివచ్చినది. విదేశపు నిపుణులును వచ్చి శ్రమింపగా మార్చి 15న గాని అది అదుపులోనికి రాలేదు.

కాబట్టి గొట్టమును విడిపించువాడు రెండు త్రాసులను ఒకమాఱు చూచుచుండవలెను. ఒకదానిలో ఇనుము, యంత్రము, ధనము. రెండవదానిలో పనివారి ప్రాణములు, ఊరివారి యిండ్లు. బావినోటికి కట్టిన బ్లోఅవుట్ ప్రివెంటర్ అను గొప్ప కవాటము సరిగా మూసికొనుచున్నదని నిశ్చయించుకొనక, బరువైన బురదను సిద్ధముగ నుంచుకొనక, ఈ ఉపాయమునకు పూనుకొనరాదు.

విడుచుటయు విద్యయే

ఎన్ని చేసినను కదలని గొట్టము లుండును. మా ఉదయగిరి దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలము ముట్టడించి 1514లో గైకొనెను. ఆ పట్టుదల రాజునకు తగినది. బావికడ పట్టుదలకు లెక్క యుండును. ప్రతిదినమునకు ఇంత వ్యయమని తెలియును. దినములు గడచినకొలది గొట్టము వచ్చు ఆశ తగ్గుచుండును. ఒకనాడు ఈ రెండింటిని సరిచూచి, ఇక చాలునని చెప్పగల ధైర్యము నాయకునకు కావలెను.

అప్పుడు చిక్కునకు పైనున్న మరకడకు చిన్న ప్రేలుడుమందును తీగతో దింపి, గొట్టమును ఎడమకు మెలిపెట్టి ప్రేల్తురు. ఆ అదటున మర ఊడి, పైభాగము బయటికి వచ్చును. లోపల నిలిచినదానిని వారు హాస్యముగ 'చేప' యందురు. చేద బావిలో పడినప్పుడు మనము గాలము వేయునట్లు, ఓవర్‌షాట్ అను సాధనమును దింపి చేప తలను పట్టజూతురు. అదియు తప్పినచో, పైన సిమెంటు పోసి మూసి, ప్రక్కగా వేఱొక దారి తొలుతురు.

రష్యాదేశపు కోలా ద్వీపకల్పమున 12 కిలోమీటర్లకు పైబడి త్రవ్విన బావిలో, 1984 సెప్టెంబరున సుమారు 5 కిలోమీటర్ల గొట్టము తెగి లోపల నుండిపోయినది. వారు దానికై దుఃఖించుచు కూర్చుండలేదు. 7 కిలోమీటర్ల లోతునుండి కొత్తదారి పట్టి, 1989 నాటికి 12,262 మీటర్లు చేరిరి.

మఱియొక కథ దుఃఖకరమైనది. 2010 మార్చి 8న మెక్సికో సింధుశాఖలోని మకాండో బావిలో గ్యాసు చొచ్చుకొనిరాగా గొట్టము చిక్కినది. దానిని తెంచి విడిచి, ప్రక్కదారి త్రవ్విరి. ఆ విడుచుట వివేకమే. కాని ఇట్టి యాటంకములచేత పని గడువు మించి, వ్యయము పెరిగినది. ఏప్రిల్ 20న అదే బావిలో, అడుగున పోసిన సిమెంటు గ్యాసును నిలుపలేకపోగా, డీప్‌వాటర్ హొరైజన్ అను త్రవ్వు నౌక ప్రేలి 11 మంది మరణించిరి. 87 దినములు చమురు సముద్రము పాలయ్యెను. చిక్కిన గొట్టము ఆ ప్రేలుడునకు కారణము కాదు. అయినను పోయిన దినములను తిరిగి సంపాదింపవలెనను తొందర, ఎట్టి పనికడనైనను మంచి సలహాదారు కానేరదు.

గృహిణులకు మనవి

బోరు వేయించునప్పుడు పురుషులు పొలమున నుండవచ్చును. బండికడ నిలిచి చూచునది తఱచుగా మనమే. కావున కొన్ని మాటలు జ్ఞప్తియం దుంచుకొనుడు. పైనున్న వదులుమట్టి దాటువఱకు కేసింగ్ గొట్టము సరిగా దింపిరా యని అడుగుడు. పొడిరాతి పొర తగిలినచో అది ఎన్నియడుగులకడనో ఒక కాగితముపై వ్రాసియుంచుడు. రేపు మోటారు చిక్కినప్పుడు ఆ కాగితమే దారి చూపును. చీకటి పడకముందే ముగింపుడని బండివారిని తొందరపెట్టకుడు. గొట్టమును గాని మోటారును గాని బలముగా లాగుచున్నప్పుడు తీగ తెగి కొట్టవచ్చును. పిల్లలను దూరముగ నుంచుడు. లాగుటకుముందు, ఎందుచేత చిక్కినదని నలుగురియెదుట అడుగుడు. ఆ యొక్క ప్రశ్న అనేక గొట్టములను కాపాడును.

ఇక రానిదానిని విడువవలసివచ్చినచో, ఆ రంధ్రమును మఱునాటికి వాయిదా వేయక అడుగునుండి మట్టితో పూడ్చి, నోరు గట్టిగా మూయింపుడు. మన రాష్ట్రమున 2002 నాటి నీరు, నేల, చెట్టు చట్టము బావులను నమోదు చేయింపుమనుచున్నది. విడిచిన బోరుబావులను పూడ్పింపవలెనని 2010లో సుప్రీముకోర్టును ఆదేశించినది. ఆడుకొను బిడ్డకు ఈ చట్టములు తెలియవు, తల్లులకు తెలిసియుండవలెను.

పాతాళమున చిక్కిన ఇనుము పోయిన మరల కొనవచ్చును. పోయిన ప్రాణమును కొనలేము. ఏది పట్టుకొనవలెనో, ఏది విడువవలెనో ఈ త్రాసుతో తూచుకొను ఇంట ఆపద వచ్చినను అలవిమీఱదు.